ముదినేపల్లి భోజనం

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ వ్యాపారం చేసే నాగభూషణరావుకి ఛాతీలో మంట మొదలై రెండేళ్ళు దాటింది. ఆయన భార్య చంద్రావతికి అసూయ మొదలై పాతికేళ్ళు కావస్తోంది. రెండిట్లో ఏది మొండిదో ముందుముందు మీరే చూద్దురుగాని.

అసూయ ఎవరి మీదంటే శేషారత్నం మీద. ఆవిడ నాగభూషణరావుకి మేనమామ కూతురు. వాళ్ళిద్దరికీ పెళ్ళని చిన్నప్పటి నుంచీ రెండిళ్ళలోనూ అనుకున్నదే. తీరా ముహూర్తాలు పెట్టుకునే వేళకి జాతకాలు కుదరలేదని పంతులుగారు చెప్పడంతో పెద్దవాళ్ళు మానుకున్నారు. రత్నాన్ని ముదినేపల్లిలో కిరాణా కొట్టున్న సుబ్బారావుకిచ్చారు. నాగభూషణరావుకి నల్లజర్ల నుంచి చంద్రావతిని చేసుకున్నారు. ఇందులో ఎవరూ ఏడవలేదు, ఎవరూ అన్నాలు మానెయ్యలేదు. పైగా పెళ్ళిలో చంద్రావతికి పూలజడ వేసింది రత్నమే. అది వేస్తుండగా ఎవరో ముసలావిడ, “పీట మీద కూర్చోవాల్సిన పిల్ల జడ వేస్తోంది చూశారుటమ్మా,” అంది. ఆ ముసలావిడ ఎప్పుడో కాలం చేసింది. మాట మాత్రం చంద్రావతి దగ్గరే ఉండిపోయింది.

అలాగని ఆవిడ గయ్యాళి అనుకునేరు. గొంతెత్తి మాట్లాడగా ఆ వీధిలో ఎవరూ వినలేదు. ఇంట్లో రత్నం పేరు వినపడితే ఆవిడ పోట్లాడేది కాదు. “అలాగాండీ,” అని లేచి వెళ్ళి, ఆ పూట అన్నం తినకుండా పడుకునేది. ఎందుకని అడిగితే, “ఆకలి లేదండీ,” అనేది. తెల్లవారి కాఫీ కూడా ఆకలి లేకుండానే పెట్టేది. ఆ ‘ఆకలి లేదండీ’కి నాగభూషణరావు ఎంతగా బెదిరిపోయాడంటే, పెళ్ళయిన ఏడాదికే భాష మార్చుకున్నాడు. ముదినేపల్లి వెళ్ళొస్తే ‘ఆ వైపు వెళ్ళొచ్చాను’ అనేవాడు. సుబ్బారావుని ‘ఆ కిరాణా ఆయన’ అనేవాడు. రత్నాన్ని అసలేమీ అనేవాడు కాదు.

వెళ్ళకుండా ఉందామంటే వ్యాపారం ఒప్పుకోదు. చేపలు తినే ఊళ్ళకి ఉల్లిపాయలు కావాలి. ఆకివీడు, కైకలూరు, ముదినేపల్లి, కొల్లేటి అంచున ఉన్న ఊళ్ళన్నిటికీ గూడెం నుంచే సరుకు వెళుతుంది. నెలకి రెండు గురువారాలు నాగభూషణరావు ఆ కొట్లన్నీ తిరిగి ఆర్డర్లు రాసుకునేవాడు. ముదినేపల్లి చేరేసరికి సాయంత్రమయ్యేది. రాత్రికి అక్కడే సుబ్బారావు ఇంట్లో ఉండి మర్నాడు బయలుదేరి వచ్చేవాడు. ఉన్న ఊళ్ళో మేనమామ కూతురి ఇల్లు పెట్టుకుని లాడ్జిలో పడుకుంటే నలుగురూ నవ్వుతారని చంద్రావతికీ తెలుసు. అందుకని ఆవిడ కాదనలేదు. ఆ రెండు గురువారాలూ ఆవిడకి ఆకలి ఉండేది కాదు, అంతే.

ఇలా ఉండగా ఆయనకి మంట వచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు గుండెపోటనుకుని కారు మాట్లాడుకుని ఏలూరు పరిగెత్తారు. అక్కడ ఈసీజీ తీసి గుండె నిక్షేపంగా ఉందన్నారు. కడుపు డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నోట్లోంచి గొట్టం వేసి చూసి, మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

“అన్నం దిగే గొట్టానికీ కడుపుకీ మధ్య మూతలాంటిది ఒకటి ఉంటుందండి. మీకది వదులైంది. కడుపులో ఉండాల్సిన యాసిడ్ పైకి వస్తోంది. మంట అదే, పుల్లటి తేన్పులూ అవే. ముందు కారం, పులుపు, వేపుళ్ళు తగ్గించండి…”

చంద్రావతి చెవులు అక్కడితో మూసుకుపోయాయి. గూడెంలో ఆవిడ ఆవకాయ తినని వైశ్యుల ఇల్లు లేదు. ఆవిడ పెట్టిన దప్పళం తిని వియ్యపురాలు గిన్నె కడగనివ్వలేదు. ఇప్పుడీ కుర్ర డాక్టరు, తన చేతి వంటే ఆయన గొంతు కాలుస్తోందని మొహం మీద చెబుతున్నాడు. డాక్టరు ఆ తరవాత చాలాసేపు మాట్లాడాడు. అరచెయ్యి ఏటవాలుగా పెట్టి ఏదో చూపించాడు. గోడ గడియారం వైపు వేలు పెట్టి ఏదో చెప్పాడు. నాగభూషణరావు అన్నిటికీ తలూపాడు. డాక్టర్ల ముందు తలూపడమే తప్ప వినడం ఆయనకి అలవాటు లేదు. మందుల చీటీ పట్టుకుని బయటికి వచ్చేసరికి ఇద్దరికీ గుర్తున్నవి కారం, పులుపు, వేపుడు.

చంద్రావతి ఆ మూడూ మానేసింది. మానెయ్యడమంటే మామూలుగా కాదు, పంతం పట్టి మానేసింది. ఆనపకాయ ఉడకేసి ఉప్పు చల్లి పెట్టింది. పెసరకట్టు పెట్టింది. రాత్రి కొట్టు మూసి, తొమ్మిదిన్నరకి ఇల్లు చేరి, స్నానం చేసి, పీట మీద కూర్చునేసరికి పదయ్యేది ఆయనకి. పొద్దుటి నుంచీ గుమాస్తాలతో, రైతులతో, లారీలవాళ్ళతో అరిచి అలిసిపోయి, ఆ చప్పిడి కూడే ఆవురావురుమని కడుపునిండా తినేవాడు. తినగానే నడుం వాల్చేవాడు. మంట రాకుండా చంద్రావతి ఒక గ్లాసు చల్లటి పాలు ఇచ్చేది. పాలు తాగిన కాసేపు హాయిగా ఉండేది. తరవాత మొదలయ్యేది మంట. లేచి కూర్చునేవాడు, ఛాతీ రాసుకునేవాడు, డాక్టరిచ్చిన బిళ్ళ అప్పుడు వెతుక్కుని వేసుకునేవాడు. పక్కన చంద్రావతి మేలుకుని, ఇంక తను ఏం మానెయ్యాలా అని ఆలోచించేది.

ఇంత చేసినా తగ్గని మంట, నెలకి రెండు రోజులు మాత్రం వచ్చేది కాదు. ఏ రెండు రోజులో చెప్పక్కర్లేదు.

ఆ సంగతి ఆవిడ కనిపెట్టడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ వైపు వెళ్ళొచ్చిన మర్నాడు ఆయన మొహం తేటగా ఉండేది. గొంతు బొంగురు ఉండేది కాదు. ఒక శుక్రవారం ఉండబట్టలేక అడిగింది.

“నిన్న అక్కడ ఏం తిన్నారండీ?”

“ఏదో పెట్టారు.”

“ఏం పెట్టారు?”

“వంకాయ కూర. పులుసు.”

“ఆవకాయ వేశారా?”

నాగభూషణరావు గోడ వైపు చూశాడు. ఆయనకి ఉల్లిపాయల బేరంలో తప్ప అబద్ధం రాదు. “కొంచెం,” అన్నాడు.

“మండలేదూ?”

“లేదే.”

“అలాగాండీ,” అని లేచిపోయింది చంద్రావతి.

వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు దగ్గర నిలబడింది. పాతికేళ్ళూ ఆవిడ ఒక్క మాట పట్టుకుని బతికింది. ఎవరికి అనుకున్న పిల్లాడైనా సరే, ఆయన తినేది నా చేతి అన్నం అనుకునేది. ఇప్పుడు ఆ అన్నమే ఆయనకి పడడం లేదు. చప్పిడి చేసి, నీళ్ళు చేసి పెట్టినా పడడం లేదు. రత్నం ఆవకాయ వేసి పెడితే ఒంటికి పడుతోంది. పంతులు జాతకాలు తప్పు చూశాడేమో, ఒళ్ళు మాత్రం నిజం చెబుతోందేమో అన్న అనుమానం వచ్చింది ఆవిడకి. వచ్చిన అనుమానం ఇంక కదల్లేదు.

ఊరుకునే మనిషి కాదు గనక ప్రయోగాలు మొదలుపెట్టింది. ముందు బియ్యం అనుమానించింది. కొట్లో గుమాస్తా గంగరాజు లారీతో పాటు ఆ వైపు వెళుతుంటే, అక్కడి బియ్యం ఒక బస్తా తెమ్మంది. “పెంటపాడు బియ్యం ఇంట్లో పెట్టుకుని అక్కడి బియ్యం దేనికండీ అమ్మగారూ?” అన్నాడు గంగరాజు. “తెమ్మంటే తేవయ్యా,” అంది. ఆ బియ్యం వండినా మంట వచ్చింది. తరవాత నీళ్ళని అనుమానించింది. గంగరాజు ఈసారి ఏమీ అడక్కుండా ఒక క్యాను నింపుకొచ్చాడు. అక్కడివాళ్ళే కాచి వడపోసుకుని తాగే నీళ్ళు అవి. వాటితో పప్పు ఉడకలేదు సరికదా, ఆయనకి మంటతో పాటు విరోచనాలు కూడా పట్టుకున్నాయి. మూడోసారి, “ఆవిడ కూరలో ఏం వేస్తుందో కాస్త చూసి రా గంగరాజూ,” అంటే మాత్రం గంగరాజు చేతులు కట్టుకున్నాడు. “ఆయ్, నేను వీధరుగు మీద టీ తాగి వచ్చేసే వాణ్ణండి. ఆడవాళ్ళ వంటింట్లోకి తొంగి చూస్తే బాగోదు కదండీ,” అన్నాడు.

దాంతో ఇంక తనే వెళ్ళాలని తేలిపోయింది చంద్రావతికి.

“వచ్చే గురువారం నేనూ వస్తానండీ.”

“ఎక్కడికి?”

“మీరు వెళ్ళే ఆ వైపుకే.”

నాగభూషణరావు చేతిలో పేపరు కింద పెట్టాడు. ఎందుకని అడగాలనుకుని, అడిగితే ఏమవుతుందో తెలియక, “సరే,” అన్నాడు.

అది కార్తీకం వెళ్ళిన కొత్త. ఏలూరు నుంచి కైకలూరు బస్సులో, కొల్లేరు మీదుగా వెళుతుంటే రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ నిండా పక్షులు. బస్సులో పిల్లలంతా కిటికీలకి అంటుకుపోయారు. చంద్రావతి ఒక్క పక్షినీ చూడలేదు. రత్నం ఇప్పుడెలా ఉంటుందా అని ఆలోచిస్తోంది. ఆవిడ మనసులో రత్నానికి ఇంకా పద్దెనిమిదేళ్ళే.

తలుపు తీసిన రత్నం బక్కగా ఉంది. ముందు జుట్టు సగం నెరిసింది, రంగు వేసుకోలేదు. మెడలో తాడుకట్టిన కళ్ళజోడు వేలాడుతోంది. చంద్రావతికి ముందు సంతోషం వేసింది. వెంటనే, ఈవిడ కోసమా ఇన్నేళ్ళు ఆకలి చంపుకున్నానని ఒళ్ళు మండింది.

“రండక్కయ్యా. ఎన్నేళ్ళకి వచ్చారు,” అంది రత్నం. ఆ ‘అక్కయ్యా’ అన్న పిలుపు వరసకి సరైనదే అయినా, చంద్రావతికి సవతి పిలిచినట్టే వినపడింది.

వచ్చింది మొదలు ఆవిడ వంటింట్లోంచి కదలలేదు. “మీరు ప్రయాణం చేసొచ్చారు, కాసేపు నడుం వాల్చండి,” అని రత్నం బతిమాలినా వినలేదు. పీట వేసుక్కూర్చుని ఒక్కొక్కటీ కనిపెట్టింది. గుత్తివంకాయలో కూరిన కారం చూసింది, అది తను పూర్వం వేసినంతే ఉంది. పులుసులో పిండిన చింతపండు చూసింది, తనకన్నా ఎక్కువే. నూనె తను కొనే నూనే. అల్లం లేదు, మంత్రం లేదు, మూలిక లేదు. పోపు పెట్టేటప్పుడు రత్నం కొంగు అడ్డొస్తే చంద్రావతి మెడ సాచి మరీ చూసింది.

అప్పుడు ఆవిడకి ఒక కోరిక కలిగింది. భర్త ఆరోగ్యం కోసం శనివారాలు ఉపవాసం ఉండే ఇల్లాలికి కలగకూడని కోరిక. ‘భగవంతుడా, ఇవాళ ఆయనకి మండాలి. ఈ ఇంట్లో, ఈవిడ చేతి కూడు తిని, నా కళ్ళెదుట మండాలి,’ అనుకుంది. అనుకున్నాక కూడా సిగ్గుపడలేదు.

పొద్దు ఇంకా వాలకుండానే రత్నం కంచాలు పెట్టేసింది.

“అప్పుడే భోజనాలా?” అంది చంద్రావతి.

“దీపం పెడితే పురుగులక్కయ్యా. చుట్టూ చేపల చెరువులు కదా, ఈ రోజుల్లో మరీ ఎక్కువ. అన్నంలోనే పడతాయి. వెలుగుండగానే తినేస్తాం ఇక్కడ.”

ఆ మాట చంద్రావతి విన్నది గానీ పట్టించుకోలేదు. ఆవిడ చూపంతా రత్నం చేతిలోని గరిటె మీద ఉంది. నాగభూషణరావు వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. కారం కూర తిన్నాడు, పులుసు తిన్నాడు. ఆవకాయ వెయ్యబోతే భార్య వైపు ఒకసారి చూసి వద్దన్నాడు. “వేయించుకోండి, పర్వాలేదు,” అంది చంద్రావతి చాలా మృదువుగా.

భోజనాలయ్యాక మగవాళ్ళిద్దరూ చెరువు గట్టు దాకా నడిచొచ్చారు. వచ్చి అరుగు మీద కూర్చుని ఉల్లిపాయల ధర గురించీ, రొయ్యల మేత గురించీ చెప్పుకున్నారు. చంద్రావతి గుమ్మంలో కూర్చుని ఆయన కుడిచేతినే చూసింది. ఆ చెయ్యి ఎప్పుడు ఛాతీ మీదికి వెళుతుందా అని. చెయ్యి పాత రసీదుల కట్టతో విసురుకుంటూ దోమల్ని తోలుతోందే తప్ప ఛాతీ జోలికి పోలేదు. పడుకునే వేళకి ఆయనకి వరండాలో పడక కుర్చీ వేశారు. మేనబావకి మంచమైనా వెయ్యలేదని చంద్రావతి దానికీ ఒకటి మనసులో రాసుకుంది.

తెల్లవారి వరండాలోకి వచ్చి చూస్తే, ఆయన పడక కుర్చీలో అలాగే వెనక్కి వాలి, నోరు తెరుచుకుని చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. రెండేళ్ళలో ఆయన మొహం అంత నెమ్మదిగా ఉండడం ఆవిడ చూడలేదు. చూడగానే ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపు కాదు అది.

పెరట్లో రత్నం బట్టలు జాడిస్తోంది. చంద్రావతి తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“ఏం కలుపుతున్నావమ్మా ఆయన అన్నంలో?”

రత్నం చేతిలో చీర అలాగే ఉండిపోయింది. “అదేం మాటక్కయ్యా?”

“నేను కారం లేకుండా వండినా ఆయనకి మండుతుంది. నువ్వు గుప్పెడు కారం పోసి వండితే మండదు. నా ఎదురుగా వండావు, నా ఎదురుగా పెట్టావు. ఏమీ కలపలేదని నాకు తెలుసు. మరెందుకు మండదు? ఆయన ఒంటికి నీ చెయ్యే పడుతుందా? అదొక్కటీ చెప్పు. నేను వెళ్ళిపోతాను.”

రత్నం చెయ్యి తుడుచుకుని, చంద్రావతి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తను పడుకునే మంచం చూపించింది. తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు ఉన్నాయి. మంచం తలవైపు ఎత్తుగా, కాళ్ళవైపు వాలుగా ఉంది. ఆ ఏటవాలు చూస్తే ఏలూరు డాక్టరు అరచెయ్యి గుర్తొచ్చింది చంద్రావతికి.

“ఏడేళ్ళుగా ఉందక్కయ్యా నాకీ జబ్బు,” అంది రత్నం. “బావకున్నదే. నేనూ మొదట కారమే అనుకున్నాను. గుడివాడలో మా అమ్మాయి ఇంటికి వెళితే చాలు మండేది. అక్కడ వాళ్ళు చప్పగా తింటారు గానీ పదింటికి తింటారు, తిని పడుకుంటారు. ఇక్కడ పురుగుల భయానికి చీకటి పడకుండా తింటాం. పడుకునే వేళకి సగం అరిగిపోతుంది. కడుపు నిండుగా ఉండగా పడుకుంటే, మూత వదులైన సీసా అడ్డంగా పడేసినట్టే కదా, కారదూ మరి? విజయవాడ డాక్టరు నాకు అలాగే చెప్పాడు. తిన్న మూడు గంటల దాకా పడుకోవద్దన్నాడు. తల కింద దిండ్లు పెట్టుకుంటే కాదు, మంచమే ఎత్తాలన్నాడు. బిళ్ళ మండాక వేసుకునేది కాదు, పొద్దున్నే టిఫినుకి అరగంట ముందు వేసుకునేదిట. రాత్రి పాలు తాగేదాన్ని, అవి కూడా మాన్పించాడు. తాగినప్పుడు చల్లగానే ఉంటుందిట, తరవాత యాసిడ్ ఇంకా ఊరుతుందిట.”

“కారం మాటో?”

“కొందరికి పడదు. బావకి అంత చేటు చేస్తున్నట్టు లేదు. ఎవరికి ఏది పడదో వాళ్ళే కనిపెట్టుకోవాలిట. నాకు టీ పడదు, మానేశాను. పొట్ట తగ్గించుకోమని బావకి చెప్పాను, ఆయన వింటేగా. ఇది ఒకసారి మందు వేస్తే పోయేది కాదక్కయ్యా. సర్దుకుని బతకాలి. ముద్ద మింగుడు పడకపోయినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా మాత్రం డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మిగతాదంతా మన చేతుల్లో పనే.”

చంద్రావతి మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. అంటే రత్నం చేతిలో ఏమీ లేదు. తన చేతిలో లోపమూ లేదు. ఉన్నదల్లా వేళ, ఏటవాలు. పాతికేళ్ళ బరువు దిగినట్టయి, ఆవిడ నిజంగానే నవ్వబోయింది.

“నాకు చెప్పి ఉంటే ఎప్పుడో చేసేదాన్ని కదమ్మా,” అంది.

రత్నం తెల్లబోయింది. “ఏడాదిన్నరగా చెబుతున్నానక్కయ్యా. వచ్చినప్పుడల్లా చెబుతున్నాను. సాయంత్రం కొట్టుకే క్యారేజీ పంపించమనండి అక్కయ్యని అన్నాను. ఇటుకలు పెట్టించమన్నాను. మీకు చెప్పలేదా?”

“లేదు.”

రత్నం తల దించుకుంది. చెప్పకూడనిది ఏదో ఉందని చంద్రావతికి అర్థమైంది. “ఏమన్నారు ఆయన? చెప్పమ్మా. నేనేమీ అనుకోను.”

“మీరేమీ అనుకోకుండా ఉండరక్కయ్యా,” అంది రత్నం. “అయినా అడిగారు గనక చెబుతున్నాను. ‘నువ్వు చెప్పావని తెలిస్తే అది అన్నం మానేస్తుంది రత్నం. అది తినకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు. దానికన్నా ఈ మంటే నయం,’ అన్నాడు. పోనీ డాక్టరు చెప్పాడని చెప్పండి బావా అన్నాను. ‘నా మొహం చూస్తే దానికి తెలిసిపోతుంది, ఎవరు చెప్పారని అడుగుతుంది,’ అన్నాడు. ఆ తరవాత నేను పోరడం మానేశాను. ఇక్కడికి వచ్చిన రెండు రోజులైనా హాయిగా పడుకుంటాడని పడక కుర్చీ వేయిస్తున్నాను.”

బయట సుబ్బారావు ఎవరితోనో పంచదార ధర మాట్లాడుతున్నాడు. చంద్రావతి వింటున్నట్టు కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆవిడకి ముందు వచ్చింది సిగ్గు కాదు, మళ్ళీ అసూయే. నా గురించి ఆయన ఈవిడకి చెప్పుకున్నాడు, నాకు చెప్పలేనిది ఈవిడకి చెప్పుకున్నాడు అని ఒక్క క్షణం గుండె కోసినట్టయింది. ఆ వెనకే మిగతాది వచ్చింది. మంట ఆయన గొంతులోది. ఏడాదిన్నర పాటు దాని మందుని గుమ్మంలోనే ఆపేసింది తను. పక్కన మేలుకుని పడుకుని, పాపం ఏం మానెయ్యాలా అని కూరల లెక్క వేసుకుంది. మానెయ్యాల్సింది ఏమిటో ఆయనకి తెలుసు. తెలిసీ పాలు తాగి పడుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నాగభూషణరావు బస్సులో పక్కన కూర్చుని భయపడుతూనే ఉన్నాడు. అక్కడ ఏదో జరిగిందని తెలుసు, ఏం జరిగిందో తెలియదు. ఏలూరు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు ధైర్యం చేసి అడిగాడు.

“ఇడ్లీ తింటావా?” అన్నాడు. ఆకలి లేదన్న జవాబుకి ముందే సిద్ధపడి ఉన్నాడు.

“తింటానండీ,” అంది చంద్రావతి.

ఆయన రెండు పొట్లాలు తెచ్చాడు. ఆవిడ చట్నీతో సహా మొత్తం తినేదాకా అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చంద్రావతి, పక్కింటివాళ్ళు మేడ కట్టుకుంటుంటే వాళ్ళనడిగి నాలుగు ఇటుకలు తెప్పించింది. పనిమనిషి సాయం పట్టి మంచం తలవైపు ఎత్తించింది. ఎక్కి పడుకుని చూసింది, జారడం లేదు. వంట మూడింటికే మొదలుపెట్టింది. వంకాయ కూర చేసింది. కారం పూర్తిగా మానలేదు, పూర్వంలా పొయ్యలేదు. అన్నం మాత్రం క్యారేజీ గిన్నెలో తక్కువగానే పెట్టింది.

దీపాలు పెట్టకముందే ఆవిడ ఉల్లిపాయల మార్కెట్‌లో దిగింది. ఆ వేళప్పుడు అక్కడికి ఆడవాళ్ళు రారు. లారీల మధ్య నుంచి, బస్తాలు మోసే వాళ్ళ మధ్య నుంచి, పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని క్యారేజీతో నడిచి వస్తున్న అమ్మగారిని చూసి గంగరాజు లెక్క మధ్యలో ఆపేశాడు. నాగభూషణరావు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. ఇంట్లో ఏదో అయిందనుకున్నాడు.

“లోపలికి రండి, భోంచేద్దురుగాని,” అంది చంద్రావతి.

“ఇప్పుడా? కొట్లోనా? బేరాలవేళే.”

“గంగరాజు చూసుకుంటాడు. తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చాక ఆకలేస్తే మరమరాలో, అరటిపండో. అంతే. రాత్రి పాలు కూడా ఉండవింక. మంచం ఎత్తించాను. రేపట్నుంచి బిళ్ళ టిఫినుకి ముందు వేసుకోవాలి.”

వెనక గదిలో బస్తాల మధ్య పీట వేసి, కంచంలో వడ్డించింది. నాగభూషణరావు కూర్చున్నాడు. కూర కలుపుకుని, ఎర్రటి ముద్ద చూసి, భార్య మొహం చూసి, ఏదీ అర్థంకాక అడిగాడు.

“ఇవన్నీ నీకెవరు చెప్పారే?”

చంద్రావతి పులుసు గిన్నె మూత తీసింది. పాతికేళ్ళలో ఆ పేరు ఆవిడ నోటితో ఆయన ఎదుట అనడం ఇదే మొదలు.

“రత్నం చెప్పిందండీ.”

నాగభూషణరావు ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. గోడ వైపు చూశాడు.

“ఏ రత్నం?” అన్నాడు.

చంద్రావతి గరిటెడు పులుసు కంచంలో పోసింది.

“మీ మావయ్యగారి రత్నమండీ. తినండి, చల్లారిపోతుంది,” అంది.